పెట్టె మీది వాట్లు

విస్సన్నపేటలోనైనా, తిరువూరులోనైనా, నూజివీడు బజారులోనైనా పాటల సెట్టు కొనబోయే మనిషి మొదట అడిగేది వాట్ల సంగతే. అమ్మేవాళ్లు ముందుగా చూపించేదీ అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న ఆ అంకెనే. దాని చుట్టూ ఒక నమ్మకం పాతుకుపోయింది. వాట్లు ఎక్కువైతే సౌండు బాగుంటుంది. తక్కువ డబ్బు పెట్టినవాడికి వాట్లు తక్కువ కాబట్టి ఆపాటి సౌండే దక్కుతుంది. ఆ లోటు తీరాలంటే బాస్ నాబ్ చివరిదాకా తిప్పుకోవాలి. స్పీకరు కాలిందంటే ఆంప్లిఫైయర్ ఎక్కువ పవరు పంపినట్టు, కాబట్టి చిన్న ఆంప్లిఫైయర్ పెట్టుకుంటే స్పీకరు భద్రం. ఈ నాలుగు మాటల్లో ఏదీ పరీక్షకు నిలవదు. చవక సెట్టులో పాట చెడిపోవడానికీ, స్పీకరు కాలిపోవడానికీ కారణం ఒకటేనని నా వాదన: ఆ పరికరం ఇవ్వలేనిదాన్ని దాని నుంచి పిండాలని చూడటం. వాట్ల మీది నమ్మకం మనిషిని సరిగ్గా ఆ పనికే తోస్తుంది. కొన్న ఏడాదికే కాయిల్ మాడిన స్పీకర్లు రిపేరు బల్ల ఎక్కడానికి దారి అక్కడే పడుతోంది. ఖర్చేమో ప్రతిసారీ తక్కువ డబ్బున్నవాళ్లే పెట్టుకుంటున్నారు.

ముందు ఆ అంకె సంగతే చూద్దాం. చాలా పెట్టెల మీద ఉండేది పీఎంపీఓ అనే లెక్క. దాన్ని ఎలా కొలవాలో చెప్పే ప్రమాణమంటూ ఏదీ లేదు. రెప్పపాటులో వెయ్యో వంతు సేపు బోర్డు మీద ఏం జరగవచ్చో ఊహించి, దాన్ని ఎన్ని స్పీకర్లుంటే అన్నిటితో గుణించి, ఆపైన తోచినంత కలుపుకోవచ్చు. ఆర్‌ఎంఎస్ పేరుతో చెప్పేది వేరు. ఆంప్లిఫైయర్ ఆగకుండా ఇవ్వగలిగిన పవరు అది. అందులోనూ ఎంత పగులు (డిస్టార్షన్) దగ్గర కొలిచారో చెప్పకపోతే సగం మాటే చెప్పినట్టు. మన ఊళ్లలో అసెంబుల్ చేసి అమ్మే సెట్లలో విరివిగా కనిపించేది 4440 ఐసీ బోర్డు. సాన్యో కంపెనీ తయారుచేసిన ఎల్ఏ4440 అది. కంపెనీ కాగితం ప్రకారం స్టీరియోలో ఒక్కో వైపు 6 వాట్లు, రెండు వైపులూ కలిపి బ్రిడ్జి చేస్తే 19 వాట్లు. ఆ 6 వాట్లు కూడా 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినవే, అంటే పాట అప్పటికే పగిలిపోతున్న చోట. అదే బోర్డున్న పెట్టె మీద వందల్లోనో వేలల్లోనో అంకె కనిపిస్తుంది. అది అబద్ధమని తేల్చడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు, వెనక ఉన్న అడాప్టర్ చీటీ చదివితే చాలు. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే లోపలికి వెళ్లేదే 24 వాట్లు. లోపలికి 24 వెళ్లిన చోట బయటికి 200 వాట్లు ఆగకుండా రావడం ప్రకృతిలో ఎక్కడా జరగదు. నూజివీడు చుట్టూ మామిడి నేల మీద బతికేవాళ్లకు ఈ మోసం కొత్తగా విప్పి చెప్పాలా? కార్బైడ్ పెట్టిన కాయ పైకి పసుపెక్కి లోపల పుల్లగానే ఉన్నట్టు, ఈ పెట్టెలకు రంగంతా అట్ట మీదే ఉంది. కార్బైడ్‌తో పండించిన కాయ అమ్మడం మన చట్టంలో నేరం. ఆంప్లిఫైయర్ వాట్లను ఏ పరిస్థితుల్లో కొలిచి ప్రకటించాలో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నియమం పెట్టింది, 2024లో దాన్ని మరింత బిగించింది. ఇక్కడ మాత్రం వేల అంకెల స్టిక్కరు పట్టపగలే అమ్ముడుపోతోంది.

అంకె అబద్ధమైతే కావచ్చు, నిజంగా ఎక్కువ వాట్లున్న సెట్టు మంచిదే కదా అని అడగవచ్చు. ఇంట్లో పాటకు అసలు ఎన్ని వాట్లు కావాలో ఎవరూ లెక్క వేయరు, చిక్కంతా అక్కడే ఉంది. స్పీకరుకు ఒక్క వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎంత ధ్వని వస్తుందో దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఇళ్లలో వాడే చిన్న స్పీకర్లకు అది సాధారణంగా 84 నుంచి 90 డెసిబెళ్లు ఉంటుంది. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే, అంటే చెవికి కొంచెం తేడా. ధ్వని రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెళ్లు కావాలి, దానికి పవరు పది రెట్లు కావాలి. 50 వాట్ల సెట్టు వదిలి 100 వాట్ల సెట్టు కొన్నవాడికి దక్కేది ఆ 3 డెసిబెళ్లు. నూజివీడు పనసకర్ర వీణకు పెట్టింది పేరు. ఆ వీణను గదిలో పక్కన కూర్చుని వింటే వచ్చే ధ్వని 75 డెసిబెళ్లని అనుకున్నా, 86 డెసిబెళ్ల స్పీకరు దాన్ని మీటరు దూరంలో వినిపించడానికి వాటులో పదో వంతు కూడా పట్టదు. తీగ మీటిన క్షణంలో ధ్వని ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ లేపు 15 డెసిబెళ్లనుకుని లెక్కేసినా రెండున్నర వాట్లకు మించదు. ఆ నాదాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంట్లో వినడానికి నిజాయితీగల పది వాట్లు దండి.

ఇంకో సాక్ష్యం ప్రతి ఊరి గుడి మీదా ఉంది. పెళ్లి పందిళ్లలో, తిరునాళ్లలో కట్టే మైకు సెట్టు, చెట్టు కొమ్మకో గుడి గోపురం పక్కనో బిగించిన హారన్లు పాతతరం వాళ్లందరికీ గుర్తే. ఢిల్లీలో 1940లో మొదలైన అహూజా కంపెనీ ఆంప్లిఫైయర్లే ఎక్కువగా కనిపించేవి. ముప్పై, నలభై వాట్లతో మోగే ఆ సెట్టు తోటలు దాటి పొరుగూరికి వినిపించేది. కారణం ఆ హారన్ సెన్సిటివిటీ, అది 105 డెసిబెళ్ల చుట్టూ ఉంటుంది. 85 డెసిబెళ్ల చిన్న పెట్టె అంత ధ్వని చేయాలంటే హారన్‌లో ఒక్క వాటు చేసే పనికి దానికి వంద వాట్లు కావాలి. హారన్‌లో బాస్ లేదు, గొంతులన్నీ ముక్కుతో పాడినట్టు వినిపిస్తాయి, ఇంట్లో దాన్ని పెట్టుకోమని చెప్పడం లేదు. ధ్వని ఎంతన్నది నిర్ణయించేది ఆంప్లిఫైయర్ ఒక్కటే కాదని, స్పీకరు ఆ పవరును ఎంతవరకు ధ్వనిగా మార్చగలదన్నదే అసలు సంగతని అది రుజువు చేస్తుంది. ఇంటి స్పీకర్లలో ధ్వనిగా మారేది సుమారు ఒక శాతం, చాలాసార్లు అంతకన్నా తక్కువే. మిగిలినదంతా కాయిల్‌లో వేడిగా దిగుతుంది. కొనేటప్పుడు అడగవలసినది ఆ సెన్సిటివిటీ అంకె. దాన్ని అడిగేవాళ్లు లేరు కాబట్టి చెప్పేవాళ్లూ లేరు.

స్పీకర్లు ఎందుకు పోతాయో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. అవి పోయే ముఖ్యమైన దారులు రెండు: కాయిల్ కాలడం, కోన్ హద్దు దాటి కొట్టుకోవడం. మొదటిదానికి కారణం వేడి. ఆంప్లిఫైయర్ తన సప్లై వోల్టేజీని దాటి పైకి వెళ్లలేదు. వాల్యూమ్ ఇంకా పెంచితే పాట అల పైకి లేవబోయి కప్పుకు తగిలి బల్లపరుపుగా తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. వినేవాడికి సౌండు పగిలినట్టు, గరగరమన్నట్టు అనిపిస్తుంది. నున్నటి సైన్ అలను అదే ఎత్తులో పూర్తిగా తెగ్గొట్టి చతురస్రం చేస్తే దానిలోని సగటు పవరు రెట్టింపవుతుంది. పాటలో మామూలుగా ఉండే ఎగుడుదిగుళ్లు పోయి అంతా ఒకే మట్టానికి రావడంతో కాయిల్‌కు చల్లారే సందు దొరకదు. పైగా తెగిన అంచుల నుంచి పాటలో లేని హెచ్చు స్థాయి శబ్దాలు పుట్టి నేరుగా ట్వీటర్‌కు చేరతాయి. స్పీకరు పెట్టె మీద 60 వాట్లని ఉన్నా, లోపలి ట్వీటర్ ఓర్చుకోగలిగేది అందులో కొద్ది వాట్లే. మామూలు సంగీతంలో పవరు ఎక్కువగా కింది స్వరాల్లోనే ఉంటుంది కాబట్టి దానికి అంతే చాలునని తయారీదారులు పెడతారు. క్లిప్పింగ్ ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. అందుకే చిన్న సెట్లలో ముందుగా మూగబోయేది ట్వీటరే.

చిన్న ఆంప్లిఫైయర్ ఉంటే స్పీకరు భద్రమన్న మాట ఇక్కడ కూలిపోతుంది. పది వాట్లదాన్ని ఎప్పుడూ చివరిదాకా తిప్పి మోగించేవాడి స్పీకర్లకు ఉన్న ముప్పు, యాభై వాట్లదాన్ని నెమ్మదిగా వినేవాడి స్పీకర్లకు లేదు. అలాగని దీనికి ఎదురుగా ప్రచారంలో ఉన్న సూత్రాన్నీ నేను ఒప్పుకోను. స్పీకరు అంకెకు రెట్టింపు వాట్ల ఆంప్లిఫైయర్ కొంటే ఏమీ కాదని కొందరు తెలిసినవాళ్లే చెబుతుంటారు. క్లిప్ కాని శుద్ధమైన వంద వాట్లు కూడా ముప్పై వాట్ల కాయిల్‌ను కాలుస్తాయి. వేడికి అది పగిలిన పాటా, పగలని పాటా అన్న తేడా తెలియదు. కాపాడేది పెద్ద ఆంప్లిఫైయరూ కాదు, చిన్నదీ కాదు. కాపాడేది పగులు మొదలైన చోటును గుర్తుపట్టి, అక్కడి నుంచి వెనక్కి తిప్పే చెయ్యి. మంచి రికార్డింగు ఒకటి పెట్టి నెమ్మదిగా పెంచుతూ పోతే, గొంతు గరుకెక్కి, తాళం మొద్దుబారే చోటు ఎవరి చెవికైనా దొరుకుతుంది. అది ఆ సెట్టు హద్దు. నాబ్ మీది గీతలు ఆ హద్దును చెప్పవు. ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్ బలంగా ఉంటే వాల్యూమ్ సగంలో ఉండగానే ఆంప్లిఫైయర్ తన శక్తంతా ఖర్చు చేసేస్తుంది. ఇంకా సగం మిగిలి ఉందనుకుని తిప్పేది ఉత్త క్లిప్పింగే. ఫోన్‌లోని ఈక్వలైజర్‌లో గీతలన్నీ పైకి లాగితే పాట ఆంప్లిఫైయర్‌కు చేరకముందే పగిలిపోతుంది. తర్వాత ఎన్ని వేల రూపాయల ఆంప్లిఫైయర్ పెట్టినా దాన్ని అతికించలేదు.

బాస్ గురించి గట్టిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. బాస్ నాబ్‌తో 10 డెసిబెళ్లు పెంచామంటే ఆ స్వరాల దగ్గర ఆంప్లిఫైయర్‌ను పది రెట్ల పవరు అడిగామన్న మాట. రెండు వాట్లతో హాయిగా నడుస్తున్న పాట ఒక్క తిప్పుతో ఇరవై వాట్ల పాట అవుతుంది. స్పీకరు వైపు నుంచి చూస్తే ఇంకా కష్టం. ఒకే మట్టంలో ధ్వని రావాలంటే స్వరం సగానికి దిగినప్పుడల్లా కోన్ నాలుగు రెట్లు కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలే కోన్, 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. నాలుగంగుళాల స్పీకరుకు అంత దూరం పోయే చోటే ఉండదు. గాలి గొట్టం ఉన్న పెట్టెల్లో ఆ గొట్టాన్ని ఏ స్వరానికి సరిచేశారో దానికంటే కిందికి దిగితే కోన్‌ను వెనక నుంచి ఆపే గాలి కూడా ఉండదు, కాయిల్ వెళ్లి వెనక రేకుకు కొట్టుకుంటుంది. కొత్త పాటల్లో బాస్ లేకపోతే పాటే లేదు, వాటిని ఏం చేయాలని కుర్రాళ్లు అడిగితే తప్పు పట్టలేం. వాళ్ల కోరిక న్యాయమైనదే, దాన్ని తీర్చే దారి వేరు. దానికి పెద్ద కోన్ కావాలి. డబ్బు కూడినప్పుడు విడిగా ఒక సబ్‌ఊఫర్ కొనుక్కుని, కింది స్వరాలు దానికి పంపి, చిన్న స్పీకర్లకు ఆ బరువు తప్పిస్తే రెండూ బతుకుతాయి. బాస్ నాబ్‌ను ముట్టుకోవద్దని కూడా అనను. మెల్లగా వింటున్నప్పుడు చెవికి కింది స్వరాలు తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. రాత్రిపూట తక్కువ సౌండులో బాస్ కొంచెం పెంచుకోవడం సబబే. వాల్యూమ్ పెంచేటప్పుడు మాత్రం బాస్ తగ్గించాలి. మన అలవాటు రెండూ కలిపి పెంచడం.

అసలు చాలా ఇళ్లలో బాస్ లేకపోవడానికి కారణం వాట్లూ కాదు, నాబూ కాదు, వైరు. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఒక కోన్ ముందుకు తోస్తుండగా రెండోది వెనక్కి లాగుతుంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. పాట పలచబడి, గాయకుడు ఎక్కడ నిలబడ్డాడో తెలియకుండా పోతుంది. వెంటనే బాస్ పెంచుతారు, క్లిప్పింగ్ మొదలవుతుంది, కాయిల్ కాలుతుంది. పైసా ఖర్చు లేని తప్పుకు స్పీకరు మూల్యం చెల్లిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. సెట్టు ఆపి, ఒక్క స్పీకరుకు మాత్రమే తీగలు మార్చి, అదే పాట మళ్లీ పెట్టాలి. బాస్ నిండుగా వస్తే ఇంతకుముందు ఉన్నది తప్పు. ఊఫర్ తీగలకు పెన్సిల్ సెల్‌ను ఒక్క క్షణం తాకించి చూసినా చాలు: సెల్ ప్లస్ తాకిన వైపు స్పీకరు ప్లస్ అయితే కోన్ బయటికి కదులుతుంది. ఇంకో తప్పు, ఉన్న స్పీకర్లకు మరో జత పక్కన (పారలల్‌గా) కట్టడం. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు పక్కపక్కన కలిపితే 4 ఓమ్‌లు, రెండు 4 ఓమ్‌లవి కలిపితే 2. చిన్న బోర్డులు 2 ఓమ్‌లకు తట్టుకోలేవు, కరెంటు ఎక్కువై ఐసీ సలసలా కాగుతుంది. స్పీకర్లు పెరిగాయి కాబట్టి సౌండు పెరిగిందని మురిసే లోపు ఆంప్లిఫైయర్ పోతుంది.

ఇక గది. సిమెంటు స్లాబు, సున్నం గోడలు, గ్రానైట్ నేల ఉన్న హాలులో చప్పట్లు కొడితే ఆ మోత కాసేపు గదిలోనే తిరుగుతుంది. పాటలోని ప్రతి మాటకూ ఆ తోక తగులుతుంది. లక్ష రూపాయల స్పీకరు కూడా ఆ హాలులో మాటను స్పష్టంగా చెప్పలేదు. స్పీకర్లను బీరువా మీదికో, షోకేసు అరలోకో ఎక్కించడం మన ఇళ్లలో ఆనవాయితీ. ట్వీటర్ చెవి ఎత్తులో లేకపోతే పై స్వరాలు చెవిని తప్పించుకుపోతాయి, అర చెక్కలు బాస్‌తో పాటు అదురుతాయి. గోడకు దగ్గరగా జరిపితే బాస్ 6 డెసిబెళ్ల దాకా పెరగగలదు, మూలకు నెడితే ఇంకా పెరిగి బొంయ్‌మంటుంది. అంటే బాస్ చాలనివాడికి నాబ్ కంటే గోడ మంచి మందు, అది ఆంప్లిఫైయర్‌ను ఒక్క వాటూ అదనంగా అడగదు. రెండు స్పీకర్లనూ స్టూళ్ల మీదో, పేర్చిన ఇటుకల మీదో చెవి ఎత్తుకు తెచ్చి, వాటి మధ్య ఎంత దూరముందో వినేవాడి నుంచి కూడా అంతే దూరం ఉండేలా జరిపి, ఎదుటి గోడకు దూది పరుపో దుప్పట్ల దొంతరో చేరిస్తే, అదే సెట్టు కొత్తదిగా మోగుతుంది. ఘంటసాల గొంతులోని గాంభీర్యం పాత మోనో రికార్డుల్లో కూడా పదిలంగానే ఉంది. అది వినిపించకుండా పోయేది మన హాలు మోతలో.

గదిలో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, వీధిలో ట్రాక్టర్లు పోతుంటాయి, మామిడి సీజనులో లారీల రొద, ఈ మెత్తని వినికిడి మా ఇళ్లలో కుదరదని అనేవాళ్లకు నా జవాబు: స్పీకరుకు దగ్గరగా కూర్చోండి. బయలులో దూరం సగమైతే 6 డెసిబెళ్లు దక్కుతాయి, అది పవరు నాలుగు రెట్లు చేసినంత. గదిలో అంత రాకపోయినా చాలా భాగం వస్తుంది. ఫ్యాన్ చప్పుడును ఓడించడానికి వాల్యూమ్ పెంచుకుంటూ పోతే స్పీకరుతో పాటు చెవీ పాడవుతుంది. 86 డెసిబెళ్ల స్పీకరుకు పది వాట్లిస్తే మీటరు దూరంలో 96 డెసిబెళ్లు. రోజుకు ఎనిమిది గంటలు వినదగిన హద్దుగా చాలా చోట్ల పాటించే 85 కంటే అదెంతో పైన ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే ఒప్పుకుంటాయి.

తక్కువ డబ్బుకు ఎక్కువ స్పీకర్లు వస్తున్నాయి కదా, 5.1 హోం థియేటర్ కొంటే తప్పేమిటని మరో వాదన. ఉన్న కొద్దిపాటి డబ్బును ఆరు పెట్టెలకు పంచితే ఏ ఒక్క పెట్టెకూ సరైన కోన్, అయస్కాంతం, చెక్క దక్కవు. అదే డబ్బు రెండు స్పీకర్ల మీద పెడితే దక్కుతాయి. మన పాటల్లో చాలావరకు ఒకటో రెండో చానెళ్లలో వచ్చినవే. సబ్‌ఊఫర్ పోగా మిగతా మూడు పెట్టెలకు ఆ పాటల్లో పని లేదు. సినిమాలు ఎక్కువగా చూసే ఇంటి సంగతి వేరు, దాన్ని కాదనను.

మన వేసవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాగి తీగ వేడెక్కే కొద్దీ దాని నిరోధం ప్రతి డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. కాయిల్ 150 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 60 శాతం పెరిగి, సౌండు మూడు నాలుగు డెసిబెళ్లు పడిపోతుంది. సౌండు తగ్గిందని వాల్యూమ్ ఇంకా పెంచుతారు, కాయిల్ ఇంకా కాగుతుంది. బయట నలభై అయిదు డిగ్రీలున్న మే నెలలో రేకుల షెడ్డు కింద, తోట కాపలా పాకలో, సెట్టు మీద తువ్వాలు కప్పి మోగిస్తే ఆంప్లిఫైయర్‌కు చల్లారే దారే ఉండదు. దాని చుట్టూ జానెడు గాలి, వోల్టేజీ ఎగిరిపడే చోట ఒక స్టెబిలైజర్, గంటసేపు గట్టిగా మోగాక కాసేపు విరామం ఉంటే అది ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఇంత స్పష్టమైన లెక్క ఉండగా వాట్ల నమ్మకం ఎందుకు చావడం లేదన్నది మిగిలిన ప్రశ్న. జవాబు దుకాణంలో ఉంది. రెండు సెట్లను పక్కపక్కన మోగించినప్పుడు ఒకటి కొంచెం బిగ్గరగా ఉంటే మనిషి చెవి దాన్నే బాగుందని ఎంచుకుంటుంది. ఇది మనందరి చెవుల స్వభావం, ఎవరి అజ్ఞానమూ కాదు. రెండు నిమిషాల డెమోలో బాస్ పెంచి బిగ్గరగా మోగించిన పెట్టె గెలుస్తుంది. ఆ బిగ్గరకు వాట్లని పేరు పెట్టి చీటీ అంటిస్తారు. కాబట్టి కొనేవాళ్లు దుకాణంలోనే పట్టుబట్టాలి. రెండిటినీ ఒకే మట్టానికి తెచ్చి, టోన్ నాబులు మధ్యలో పెట్టి, మనకు బాగా తెలిసిన ఒక గొంతును, తర్వాత ఒక మృదంగాన్ని వినిపించమనాలి. వెనక చీటీ తిప్పి చూపించమనాలి. ఆర్‌ఎంఎస్ ఎంత, ఎంత డిస్టార్షన్ దగ్గర, ఎన్ని ఓమ్‌లు, సెన్సిటివిటీ ఎంత అని నాలుగు ప్రశ్నలు అడగాలి. నాలుగింటికీ జవాబు లేని పెట్టెను, దాని మీద ఎన్ని వేల వాట్లున్నా, అక్కడే వదిలి రావాలి.